ఇంటిపేరు ఒకటే, వాడ వేరు: నెల్లూరు తీరంలో పుచ్చలపల్లి, బెజవాడ

పుచ్చలపల్లి అనే ఇంటిపేరుతో నెల్లూరు జిల్లా నుంచి ఇద్దరు ప్రముఖులు పార్లమెంటులో అడుగుపెట్టారు. ఒకరు తీరప్రాంతమైన విడవలూరు మండలం అలగానిపాడులో రెడ్డి భూస్వామి ఇంట పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య. రెండోవారు నెల్లూరు ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు గెలిచిన పుచ్చలపల్లి పెంచలయ్య.

బెజవాడ అనే ఇంటిపేరుదీ ఇదే తీరు. బుచ్చిరెడ్డిపాళెం జమీందారీ కుటుంబం నుంచి ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డిది ఆ ఇంటిపేరే. చేతులతో మలం ఎత్తించే పనిని దేశం నుంచి తుడిచిపెట్టాలని నాలుగు దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌దీ ఆ ఇంటిపేరే.

ఈ పేర్లు పక్కపక్కన చూసినవాళ్లు రెండు పొరపాట్లలో ఒకటి చేస్తుంటారు. కొందరు అందరూ ఒకే కుటుంబం అనుకుంటారు. ఇంకొందరు ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టేస్తారు. పత్రికల్లో, పరిశోధనల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, అద్దె ఇల్లు వెతుక్కునే చోట కూడా ఈ లెక్క నడుస్తుంది. అందుకే ఒకే ఇంటిపేరున్న వ్యక్తులు, సమూహాల వివరాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. ఇంటిపేరు ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ వివరాలే చూపిస్తాయి.

ఇంటిపేరు చెప్పేది ఏమిటి?

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లు. పల్లి, పాడు, పూడి, వాడ, కొండ, కుర్తి లాంటి మాటలతో ముగిసేవి ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. ఒక ఊరు వదిలి మరో ఊరికి చేరిన కుటుంబాన్ని అక్కడివాళ్లు పాత ఊరి పేరుతో పిలుస్తారు. కాలం గడిచేకొద్దీ అదే ఇంటిపేరుగా నిలిచిపోతుంది. కరువుకో, కూలికో, పొలానికో, పెళ్లికో ఊరు వదలడం అన్ని కులాలకూ ఉన్నదే. కాబట్టి ఒకే ఊరి పేరు రెడ్లకూ, మాలలకూ, మాదిగలకూ, చేపలు పట్టేవాళ్లకూ ఇంటిపేరుగా ఉండటంలో వింతేమీ లేదు.

అయితే ఒకే కులం లోపల ఇంటిపేరు చేసే పని వేరు. అక్కడ ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస కలుస్తుంది. పెళ్లి సంబంధం కలుపుకోరు. పురుడొచ్చినా, చావొచ్చినా మైల పాటించే కుటుంబాలు ఉంటాయి. కులం దాటితే మాత్రం ఆ ఇంటిపేరుకు బంధుత్వం విలువ ఉండదు. ఊళ్లోని ఆసామినీ, వాడలోని పాలేరునూ ఒకే ఇంటిపేరుతో పిలిచినా ఆ ఇద్దరినీ ఎవరూ అన్నదమ్ములు అనలేదు. బావి వేరు, వీధి వేరు, శ్మశానం వేరు. ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చామో చెప్పగలదు. ఆ ఊళ్లో ఏ వైపు ఉన్నామో చెప్పలేదు.

నెల్లూరులో మనిషి పేర్లు కూడా ఇలాంటివే. జిల్లాలోని పెంచలకోన నరసింహస్వామి పేరు మీద పెట్టుకునే పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు అన్ని కులాల్లోనూ వినిపిస్తాయి. ఇంటిపేరులో ఊరు, పేరులో దేవుడు. ఈ రెంటినీ బట్టి మనిషి కులం తేల్చడం కుదరదు.

పుచ్చలపల్లి

పుచ్చలపల్లి సుందరయ్య (1913–1985): 1913 మే 1న అలగానిపాడులో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. చిన్న వయసులోనే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహం వైపు వచ్చి జైలుకు వెళ్లారు. బయటికి వచ్చాక సొంత ఊళ్లోనే పని మొదలుపెట్టారు. అంటరానితనాన్ని ఎదిరించడం, వ్యవసాయ కూలీలను కూడగట్టడం ఆ తొలి పనుల్లో ముఖ్యమైనవి. తమ పొలాల్లో పనిచేసే కూలీల పక్షాన ఇంటి కొడుకే నిలబడటం అప్పటి కోవూరు తాలూకాలో చిన్న విషయం కాదు. పేరు చివర ఉన్న రెడ్డిని వదిలేశారు. తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. 1943లో లీలను పెళ్లి చేసుకున్నారు. పిల్లలు వద్దని ఇద్దరూ ముందే అనుకున్నారు. 1952లో రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన సభ్యుడిగా జనానికి గుర్తు. తర్వాత కృష్ణా జిల్లా గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. 1964లో సీపీఎం ఏర్పడినప్పటి నుంచి 1976 దాకా ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి.

డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి: సుందరయ్య సోదరుడు. నెల్లూరులో పేదలకు తక్కువ ఖర్చుతో వైద్యం అందించిన ప్రజావైద్యశాలకు ఆయన పేరే గుర్తు. పీపుల్స్ పాలీక్లినిక్ ఆయన పేరు మీదే ఉంది. ఒకే ఇంట్లో ఒక సోదరుడు కులం తోక తీసేశారు, మరో సోదరుడి పేరులో అది ఉండిపోయింది. ఇద్దరూ నడిచింది ఒకే ఉద్యమ దారిలో. కాబట్టి పేరు చివరి తోక ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా మనిషి పని మీద తీర్పు చెప్పలేం.

పుచ్చలపల్లి పెంచలయ్య: నెల్లూరు ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి 1980ల్లో లోక్‌సభకు ఎన్నికైన నాయకుడు. సుందరయ్య మీద పుస్తకాలు, విగ్రహాలు, వర్ధంతి సభలు ఉన్నాయి. ఆయన పేరు మీద హైదరాబాదులో విజ్ఞాన కేంద్రం ఉంది. అదే ఇంటిపేరుతో అదే జిల్లా నుంచి ఢిల్లీకి వెళ్లిన దళిత ప్రతినిధి గురించి అంత సులువుగా దొరికేది ఎన్నికల ఫలితాల పట్టికలో ఒక వరుస. ఇద్దరి స్థాయి ఒకటేనని ఇక్కడ వాదించడం లేదు. ఎవరి జీవితం రాతలోకి ఎక్కుతుంది, ఎవరిది పట్టికలోనే ఆగిపోతుంది అన్నది దళిత చరిత్ర రాయాలనుకునే విద్యార్థులు అడగాల్సిన ప్రశ్న.

ఆ పట్టిక చదవడం కూడా నేర్చుకోవాలి. నెల్లూరు లోక్‌సభ స్థానం 2004 ఎన్నికల వరకు ఎస్సీలకు రిజర్వు అయి ఉంది. బి. అంజనప్ప, దొడ్డవరపు కామాక్షయ్య, పుచ్చలపల్లి పెంచలయ్య, పనబాక లక్ష్మి లాంటి వాళ్లు గెలిచింది అందుకే. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో అది జనరల్ స్థానం అయింది. 2009లో మేకపాటి రాజమోహన్‌రెడ్డి, 2012 ఉప ఎన్నికలో, 2014లో మళ్లీ ఆయనే, 2019లో ఆదాల ప్రభాకర్‌రెడ్డి, 2024లో వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గెలిచారు. పార్టీలు మారాయి. పేరు చివరి మాట మారలేదు. రిజర్వేషన్ తీసేశాక జనరల్ సీటు ఎవరి సీటు అవుతుందో చెప్పడానికి ఈ నాలుగు ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక చాలు.

బెజవాడ

ఈ ఇంటిపేరుకు మూలమైన ఊరు ఏదో అందరికీ తెలుసు. విజయవాడ పాత పేరు బెజవాడ. ఆ ఊరికి దళిత చరిత్రలో ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. 1917 నవంబరులో ఆంధ్ర ప్రాంతపు పంచముల తొలి మహాసభ బెజవాడలోనే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించారు. పంచములు అనే పేరు మనది కాదు, మనం ఈ నేల మొదటి మనుషులం కాబట్టి ఆది ఆంధ్రులం అని ఆ సభలో వాదించి సభ పేరునే మార్పించారు. ఆ రోజుల్లో దళితులు కొండెక్కుతారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. 1922లో మద్రాసు శాసనమండలి కూడా పంచమ, పరయ అనే మాటల బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రికార్డుల్లో రాయాలని తీర్మానించింది. ఆ తీర్మానం తెచ్చింది దళిత నాయకుడు ఎం.సి. రాజా.

బెజవాడ రామచంద్రారెడ్డి (1894–1973): బుచ్చిరెడ్డిపాళెం జమీందారీ కుటుంబీకుడు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1930 నుంచి 1937 వరకు మద్రాసు శాసనమండలి అధ్యక్షుడు. 1952లో నెల్లూరు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా తొలి లోక్‌సభకు గెలిచారు.

బెజవాడ గోపాలరెడ్డి (1907–1997): బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, టాగూరు రచనలను తెలుగులోకి తెచ్చారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1955 మార్చి నుంచి 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి. తర్వాత కేంద్రమంత్రిగా, 1967 నుంచి 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

బెజవాడ పాపిరెడ్డి: 1984లో తెలుగుదేశం తరఫున ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు.

బెజవాడ రాజరత్నం: 1930, 40 దశకాల తెలుగు సినిమాలో నటి, గాయని. తెలుగులో నేపథ్యగానం మొదలైన రోజుల్లో వినిపించిన గొంతుల్లో ఆమెది ఒకటి. పాత కళాకారిణుల పేర్ల ముందు కనిపించే ఊరి పేరును నెల్లూరు జమీందారీ ఇంటిపేరుతో కలిపి చూడకూడదు.

బెజవాడ విల్సన్: 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టారు. ఆ గనులు తెల్లవాళ్ల కంపెనీ చేతిలో ఉన్నప్పుడు తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి వేలమంది దళితులు అక్కడికి కూలికి వెళ్లారు. గని కింద పనిచేసినవాళ్లు కొందరైతే, కార్మికుల కాలనీల్లో పొడి మరుగుదొడ్లు శుభ్రం చేసినవాళ్లు కొందరు. తెలుగు మాట్లాడే విల్సన్ కుటుంబానిది తరతరాలుగా ఆ పనే. ఇంట్లో చదువుకున్న తొలితరం ఆయనది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. 1986లో సొంత ఊళ్లోనే పొడి మరుగుదొడ్లకు వ్యతిరేకంగా పోరాటం మొదలుపెట్టారు. తర్వాత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, దళిత కార్యకర్త పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించారు.

చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. అది కాగితం మీదే ఉందని 2003లో ఈ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తుండగానే 2013లో మరింత విస్తృతమైన కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెబుతూ 1993 తర్వాత మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. 2023లో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ వారికీ, కోలార్ గనుల బెజవాడ వారికీ కలిసేది ఇంటిపేరు ఒక్కటే. ఒక బెజవాడ ఇంట్లో జమీందారీ, శాసనమండలి అధ్యక్ష పీఠం, ముఖ్యమంత్రి పదవి. ఇంకో బెజవాడ ఇంట్లో చీపురు, తట్ట. ఎన్ని తరాల ఆస్తి, ఎన్ని తరాల చదువు అన్న తేడా ఇంటిపేరులో కనబడదు.

తోక తీసినవాళ్లు, తోక పెట్టుకున్నవాళ్లు

ఇంటిపేరు ముందుంటుంది. కులాన్ని బయటపెట్టేది ఎక్కువగా పేరు చివరి మాట. దాన్ని తీసేయాలా, పెట్టుకోవాలా అన్న దగ్గర మన చరిత్రలో మూడు దారులు కనిపిస్తాయి.

సుందరయ్యది తీసేసిన దారి. పై కులంలో పుట్టినవాడు తనకు పుట్టుకతో వచ్చిన గౌరవాన్ని వద్దనుకోవడం అది.

మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డివర్మ (1888–1939) అయిన నాయకుడిది రెండో దారి. రెడ్డి అంటే రేడు, అంటే పాలకుడు. ఈ నేలను ఒకప్పుడు ఏలినవాళ్లం మేమే అన్న వాదంతో ఆ మాట పెట్టుకున్నారు. వర్మ అనే బిరుదు ఆర్యసమాజం వాళ్లు ఇచ్చింది. సుందరయ్య వదిలేసిన మాటనే భాగ్యరెడ్డివర్మ అందుకున్నారు. ఇద్దరూ దెబ్బ కొట్టింది ఒకే కట్టుబాటును.

మూడో దారి 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైంది. మాదిగ దండోరా పుట్టింది అక్కడే. తిట్టుగా వాడిన కులం పేరును మంద కృష్ణ మాదిగ, కృపాకర్ మాదిగ లాంటి వాళ్లు తమ పేరు చివర గర్వంగా పెట్టుకున్నారు. వందలాది మంది కార్యకర్తలు అదే బాట పట్టారు. వాళ్ల ఇంటిపేర్లు వేరువేరుగానే ఉన్నాయి. చివర మాత్రం ఒకే పేరు పంచుకున్నారు. ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా సాగిన ముప్పై ఏళ్ల ఉద్యమానికి ఆ పేరే జెండా అయింది.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. సుందరయ్య 1985 మే 19న చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఒక గొప్ప మనిషి తన తోక తీసేసుకోవడం వేరు, ఊళ్లో కులం పోవడం వేరని కోస్తా దళితులు ఆ రోజు రక్తం చూసి తెలుసుకున్నారు. స్వతంత్ర దళిత ఉద్యమం అక్కడి నుంచే బలపడింది.

కులం పేరే పేరైపోయిన చోట: యానాదులు

మళ్లీ నెల్లూరు తీరానికి వద్దాం. ఇక్కడ ఒక పేరును మొత్తం సమూహం మోస్తోంది. యానాదులు రాష్ట్రంలోని పెద్ద షెడ్యూల్డ్ తెగల్లో ఒకరు. జనాభా ఐదు లక్షలకు పైనే. తీరం వెంట, వాగుల పక్కన, చెరువు కట్టల మీద, రొయ్యల గుంటల దగ్గర వాళ్ల గుడిసెలు ఉంటాయి. యానాదులకూ ఇంటిపేర్లు ఉన్నాయి. వాళ్లూ ఇంటిపేరు చూసే పెళ్లి చేసుకుంటారు. కానీ ఆ ఇంటిపేరు అడిగేవాళ్లు ఊళ్లో అరుదు. ఆసామికైనా, కానిస్టేబుల్‌కైనా అతను ఒట్టి యానాది.

బ్రిటిష్ వాళ్లు ఆ పేరును రిజిస్టరుకెక్కించారు. నేరస్థ జాతుల చట్టం కింద నెల్లూరు జిల్లా యానాదుల్లో చాలామందిని పుట్టుకతో నేరస్థులుగా నమోదు చేశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఈ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక 1952లో దేశమంతటా రద్దయింది. పోలీసుల అనుమానం ఆ తేదీతో ఆగలేదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట అడవే ఇల్లుగా బతికిన యానాదులను 1969 తర్వాత రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించారు. 1971లో అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది. శ్రీహరికోట పేరు ప్రపంచమంతా తెలుసు. అక్కడి నుంచి లేపేసిన కుటుంబాల ఇంటిపేర్లు ఎంతమందికి తెలుసు?

యానాదుల మీద 1962లో ఇంగ్లిషులో పుస్తకం రాసినది, నేరస్థ జాతుల చట్టానికి వ్యతిరేకంగా పనిచేసినది నెల్లూరు బ్రాహ్మణుడు వెన్నెలకంటి రాఘవయ్య. 1973లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఇంటిపేరున్న మరో నెల్లూరు మనిషి సినిమా పాటల రచయిత వెన్నెలకంటి రాజేశ్వరప్రసాద్. ఆయనకు ఇంటిపేరే పేరుగా నిలిచిపోయింది. వెన్నెలకంటి అంటే చాలు, జనం గుర్తుపట్టారు. ఒకరి ఇంటిపేరు వినగానే మనిషి గుర్తొస్తాడు. ఇంకొకరి తెగ పేరు పలకగానే మనిషి కనుమరుగవుతాడు.

ఇది గౌరవం సమస్య ఒక్కటే కాదు. ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో ఇంకోలా పడితే రేషన్ కార్డు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం ఒకదానితో ఒకటి కలవవు. పత్రం లేకపోతే బిడ్డకు హాస్టల్ సీటు లేదు, ఇంటి పట్టా లేదు. పుట్టిన తేదీ నమోదు కాని గుడిసెల్లో ఈ చిక్కు రెండింతలు.

ఇంటిపేరు తండ్రిది, పెంపకం తల్లిది: వేముల

పత్రం దగ్గరికి వచ్చాం కాబట్టి నెల్లూరు దాటి ఇంకో ఇంటిపేరు చూడాలి. వేముల అనే ఇంటిపేరుతో కృష్ణా జిల్లా దళిత నాయకుడు, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి వేముల కూర్మయ్య ఉన్నారు. ‘కక్క’ నవల రాసిన దళిత రచయిత వేముల ఎల్లయ్య ఉన్నారు. తెలంగాణ మాజీ మంత్రి వేముల ప్రశాంత్‌రెడ్డి ఉన్నారు. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల ఉన్నారు.

రోహిత్ చనిపోయాక వేధింపుల మీద జరగాల్సిన చర్చ ఆయన కులం మీదికి మళ్లింది. తండ్రి వడ్డెర, కాబట్టి రోహిత్ ఎస్సీ కాదని వాదించారు. పిల్లల్ని ఒంటరిగా, మాలవాడలో పెంచింది తల్లి రాధిక. చట్టం ఏమంటుందో ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. 2012 జనవరిలో రమేష్‌భాయి దభాయి నాయకా కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టం చేసింది. కులాంతర వివాహంలో బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది తిరుగులేని నియమం కాదు. ఎస్సీ లేదా ఎస్టీ తల్లి సమాజంలోనే పెరిగి, ఆ సమాజం ఎదుర్కొనే అవమానాలు, లేమి తానూ అనుభవించానని బిడ్డ రుజువు చేసుకోవచ్చు. అంటే ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినా కులం నిర్ణయం అక్కడితో ముగిసిపోదు.

పనికొచ్చే నాలుగు మాటలు

వ్యాసం రాసేటప్పుడు, నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు ఇంటిపేరు చూసి బాధితుల కులం గానీ, నిందితుల కులం గానీ రాయొద్దు. అడిగి, పత్రం చూసి రాయండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో రెండు పక్షాల కులమూ రుజువు కావాలి. ఊహించి రాసిన ఒక్క మాట కేసుకు చేటు చేస్తుంది.

ఒకే ఇంటిపేరున్న ప్రముఖుల గురించి రాస్తే ఊరు, పుట్టిన సంవత్సరం, కుటుంబ నేపథ్యం వేరువేరుగా ఇవ్వండి. లేకపోతే విల్సన్ జమీందారీ వారసుడవుతాడు, పెంచలయ్య సుందరయ్య బంధువవుతాడు.

కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లే పిల్లల ఇంటిపేరు బడి రికార్డులో, ఆధార్‌లో, రేషన్ కార్డులో ఒకేలా ఉందో లేదో ముందే చూడండి. యానాది కాలనీల్లో పనిచేసే కార్యకర్తలకు ఇది మొదటి పని కావాలి.

చివరిది, వాడలోని పెద్దల దగ్గర కూర్చుని ఇంటిపేర్ల కథ రాసుకోండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎవరి పొలంలో పనిచేశారు, ఎవరు చదువుకున్నారు. ఊళ్లోని పెద్ద ఇళ్ల వంశవృక్షాలు అచ్చయి ఉన్నాయి. అదే ఇంటిపేరున్న వాడ ఇళ్ల కథ ఇంకా ముసలివాళ్ల నోటనే ఉంది. వాళ్లు ఉండగానే రాసుకోవాలి.